గొలుసు వేసిన కత్తిపీట

నేను ఒక కత్తిపీటను. అందులో వింతేముంది, ప్రతి ఇంట్లోనూ ఉండేదేగా అంటారు. ఉంటుంది. కానీ గొలుసు వేసి కట్టేసిన కత్తిపీటను మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. అందుకే చెబుతున్నాను, కాస్త ఓపిక పట్టండి.

బొబ్బిలి దగ్గర ఒక కమ్మరి కొలిమిలో పుట్టాను. పాత లారీ కమాను పట్టీని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, సాన పట్టి, తుమ్మచెక్కలో దిగగొట్టాడు ఆయన. నాతోపాటు సంతకు వచ్చిన కత్తిపీటలన్నీ తలో ఇంటికి వెళ్లిపోయాయి. నేనూ అలాగే ఎవరింట్లోనో పనసకాయలు, కందదుంపలు తరుగుతూ, ఆడవాళ్ల కబుర్లు వింటూ బతికేస్తాననుకున్నాను. నన్ను మాత్రం ఒక కంట్రాక్టరు గోనెసంచిలో పడేసి, సముద్రం పక్క ఊళ్లో ఉన్న పెద్ద పిచ్చాసుపత్రికి పట్టుకెళ్లాడు.

మొదటిరోజే నా చెక్కకు చిల్లు పెట్టి, బారెడు ఇనపగొలుసు దూర్చి, తాళం బిగించారు. రెండో కొసను గోడకొక్కేనికి వేసి ఇంకో తాళం. రోగుల చేతిలో పడితే ప్రమాదమట! అప్పటికి నేను ఒక్క టమాటానైనా కోసి ఎరగను. ఏ తప్పూ చెయ్యకముందే శిక్ష వేసేసే తెలివి మనుషులకే ఉంది లెండి.

వంటవాడు గౌరీసు మంచివాడే, కూరగాయల మీదే వాడికి జాలి లేదు. వంకాయను కట్టె కొట్టినట్టు కొట్టేవాడు. వంటగది గుమ్మంలో నేలమీద ఒక పసుపురంగు గీత ఉండేది. రోగులెవరూ దాన్ని దాటకూడదు. అన్నం బకెట్లు మొయ్యడానికి వచ్చే తవిటమ్మ ఆ గీతకు అవతలే నిలబడి రోజూ వాడికి చివాట్లు పెట్టేది.

"అలాగ్గాదురా గౌరీసూ! తొడిమి ఉంచీసి నాలుగు పచ్చాలుగా సీరాల. నీకు వంట నేర్పినోడెవడ్రా?"

"నువ్వొచ్చి తరుగక్కా మరి," అనేవాడు వాడు నవ్వుతూ. ఆవిడ రాకూడదని వాడికీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

పురిట్లో బిడ్డ పోయాక తవిటమ్మకు నిద్ర పోయింది, తిండి పోయింది. తనలో తను మాట్లాడుకుంటూ రోడ్లు పట్టి తిరుగుతుంటే అన్న తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్పించాడు. పదిరోజుల్లో వస్తానని చెప్పి వెళ్లాడు. ఏడాది తిరిగేసరికి ఆవిడకు నయమైంది. మాత్రలు వేసుకుంటూ ఇంటి దగ్గరే ఉండొచ్చన్నారు డాక్టర్లు. అయితే ఇంటినుంచి ఎవరైనా వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి. ఆసుపత్రివాళ్లు రాసిన ఉత్తరాలన్నీ, అలాంటి ఇంటి నంబరే లేదని తిరిగొచ్చాయి.

"మా అన్న సదువు రానోడమ్మా, నంబరు తప్పు సెప్పేసుంటాడు," అని ఆవిడే అందరికీ సర్దిచెప్పేది. అలా ఒక్క సంతకం కోసం పంతొమ్మిదేళ్లు ఎదురుచూసింది. సరే, నంబరు తప్పు చెప్పాడే అనుకుందాం. చెల్లెల్ని చూడ్డానికి రావాలంటే నంబరెందుకు? నాకు ఒళ్లు మండిపోయేది. మండి మాత్రం ఏం చేస్తాను, గొలుసు బారెడే కదా.

మనుషుల్ని ఇలా ఏళ్ల తరబడి గోడల మధ్య ఉంచడం తప్పని పెద్దలకు ఎప్పటికో తోచింది. నయమైనవాళ్లు ఊళ్లోనే, నలుగురి మధ్య ఉండాలన్నారు. మందులు దగ్గర్లో ఉన్న క్లినిక్కులో తీసుకుంటే చాలన్నారు. ఆడవాళ్ల వెనకవార్డు మూసేసి, తవిటమ్మతో కలిపి ఐదుగురిని ఒక అద్దె ఇంటికి పంపారు. మూడు నెలలు చూస్తారట. ఈలోగా జరగరానిది ఏదైనా జరిగితే ఆ మనిషి మళ్లీ ఆసుపత్రికే. వంటసామానుతో పాటు నన్నూ ఆటోలో పడేశారు. గోడ దగ్గర తాళమైతే తీశారు గానీ, నా చెక్కకున్న తాళం చెవి ఎన్నడో పోయింది. గొలుసుతోనే గృహప్రవేశం చేశాను.

ఆ ఇంటిని చూసుకోవడానికి కరుణమ్మ అనే నర్సు వచ్చేది. మెత్తని మనిషి. అయినా పైవాళ్ల ఆర్డరు ప్రకారం నా గొలుసును వంటింటి కిటికీ ఊచకు చుట్టి తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది. తవిటమ్మ సంగతి ఏం చెప్పమంటారు! స్నానాలగది తలుపు ముందు నిలబడిపోయేది, ఎవరైనా వచ్చి తీస్తారని. వంటింటి గుమ్మంలో ఆగి నేలకేసి చూసేది. గీత లేదు. అయినా దాటేది కాదు.

రెండో వారంలో ఒకరోజు కరుణమ్మ వంకాయల బుట్ట తెచ్చి నా పక్కన పెట్టింది. "ఈ పూట గుత్తొంకాయ నీదే అక్కా. రా, కూర్చో."

తవిటమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవర్నో పిలుస్తోందేమోనని. తర్వాత మెల్లగా గుమ్మం దాటి వచ్చి నా చెక్కమీద కాలు వేసి కూర్చుంది. అబ్బ, అదీ చెయ్యంటే! తొడిమ పట్టుకుని కాయను నా అంచుకు ఇలా ఆనిస్తే చాలు, నాలుగు పచ్చాలుగా విచ్చుకునేది. కరుణమ్మ కాసేపు చూసి, మిగతావాళ్లకు మాత్రలివ్వడానికి అవతలి గదిలోకి వెళ్లింది. తవిటమ్మ ఏదో కూనిరాగం తీస్తోంది. పన్నెండో కాయ దగ్గర చెయ్యి జారింది.

నేనే కోశాను. ఎడమచేతి చూపుడువేలు. ఇన్నేళ్లలో నేను కోసిన మొదటి మనిషి ఆవిడే.

ఆవిడ అరవలేదు. వేలికంటే ముందు నన్ను తుడిచింది. నేలమీద బొట్లు తుడిచింది, రక్తం అంటిన వంకాయను కిటికీలోంచి సందులోకి విసిరేసింది, కొంగు చింపి వేలికి చుట్టుకుంది. పాత వార్డులో రక్తం కనబడిందంటే, తనే కోసుకుందని మనిషిని ఒంటిగదిలో మంచానికి కట్టేసేవారు. ఎలా తెగిందని అడిగేవారే లేరు. నోరుంటే నేను జరిగింది చెప్పేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం అందరూ వరసగా కూర్చుని భోంచేస్తున్నారు. తవిటమ్మ ఎడమచెయ్యి వీపు వెనకే ఉంది.

"ఏటక్కా ఆ చెయ్యి?" అంది కరుణమ్మ.

"ఆ యమ్మ సేతికేటీ నేదు," అన్నారు మిగతా నలుగురూ ఒక్కసారే. అడగని నలుగురు కూడబలుక్కున్నట్టు చెబితే ఎవరు నమ్ముతారండీ?

తవిటమ్మ చెయ్యి ముందుకు చాపింది. "నానేటీ సేసుకోనేదమ్మా. అదే తెగింది. నన్ను అక్కడికి పంపీకమ్మా, నీ కాళ్లట్టుకుంతాను."

కరుణమ్మ ఆ వేలు చూసింది, నన్ను చూసింది. తన ఎడమచెయ్యి చాపి ఆవిడ కళ్లముందు పెట్టింది. "చూడు. ఈ గాటు కొబ్బరికాయప్పటిది. ఇది కంద. ఇదిగో, ఇది మా ఆయనతో దెబ్బలాడుతూ ఆనపకాయ తరిగినప్పటిది. మరి నన్నెక్కడికి పంపాల?"

తవిటమ్మ ఆ గాట్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమి చూసింది. తర్వాత బావురుమంది. కరుణమ్మ పసుపు అద్ది కట్టు కట్టింది.

అయితే పైకి రాయక తప్పదు. "వంకాయలు తరుగుతుండగా వేలు తెగింది. కట్టు కట్టాను. కూర బాగుంది," అని రాసి పంపింది. గురువారం డాక్టరు వస్తున్నాడని తెలిసి తవిటమ్మ పొద్దున్నే మూట కట్టుకుని గేటు దగ్గర కూర్చుంది. ఆయన వచ్చి వేలు చూశాడు. "ధనుర్వాతం ఇంజెక్షను వేయించారా?" అని అడిగాడు. అంతే! మూట మళ్లీ విప్పాక కూడా ఆవిడకు నమ్మకం కలగలేదు. వెళ్లిపోయే ముందు ఆయన కిటికీ ఊచకున్న నా గొలుసు తాళం తీసెయ్యమన్నాడు.

ఇప్పుడు తవిటమ్మ నన్ను వీధి అరుగు మీదకు తీసుకెళ్లి కూరలు తరుగుతోంది. చెక్కకున్న గొలుసు అలాగే ఉంది. నేను ఎటు వెళ్లినా వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంది. ఇన్నాళ్లూ మమ్మల్ని చూసి తలుపులు వేసుకున్న ఎదురింటావిడ, నిన్న ఆ చప్పుడుకి ఆగలేక గేటు దాకా వచ్చింది.

"ఇదేటమ్మా, కత్తిపీటకి గొలుసేటి?"

"ఏటి సెప్పమంటావు? దీన్ని ఇడిపించడానికి సంతకం పెట్టేవోలెవరూ రానేదమ్మా," అంది తవిటమ్మ. నవ్వుతూనే అంది. ఆ తర్వాత చేతిలో ఉన్న వంకాయ కొయ్యకుండా, వీధి చివరకు చూస్తూ చాలాసేపు కూర్చుంది.