బ్రేకు మేడం కారు బేరం

ఊళ్లో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆవిడే. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉందిగానీ, అది కాగితాల మీదే. నేర్చుకున్నవాళ్లంతా పిలిచేది బ్రేకు మేడం అని. డ్రైవింగు స్కూలు కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఆవిడ కూచునేది అక్కడే. నేర్చుకునేవాడు లారీని చూసి కళ్లు మూసుకున్నా, బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కినా, అందరి ప్రాణాలూ ఆవిడ కుడికాలి మీదే ఉంటాయి. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, బస్సులో కూచున్నా ఎదురుగా ఏదైనా అడ్డొస్తే ఆ కాలు టక్కున నేలని తొక్కేస్తుంది. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. చూడనీ, ఆవిడకేం?

ఇప్పుడావిడ సొంత స్కూలు పెట్టుకుంటోంది. పెట్టుకోక ఏం చేస్తుంది? "అయ్యా, బ్రేకు సరిగ్గా పట్టడం లేదు, బాగుచేయించండి" అని పాత స్కూలు యజమానికి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. "ఇంకొన్నాళ్లు నెట్టుకు రామ్మా" అన్నాడా మహానుభావుడు. నెట్టుకు రావడానికి అదేమైనా తోపుడు బండా? తాళాలు ఆయన బల్ల మీద పడేసి వచ్చేసింది. ఇక కావలసింది ఒక చిన్న కారు, దానికి బ్యాంకు లోను, ఆ లోనుకి ఒక హామీ సంతకం. సంతకం లేకపోతే కారు లేదు, కారు లేకపోతే స్కూలు లేదు. మళ్లీ ఆ యజమాని ముందుకే పోయి చేతులు కట్టుకు నిలబడాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకి ఒళ్లు మండిపోతోంది.

భర్త సంతకం పనికిరాదు. ఆయన ఇల్లు కట్టిన లోనులో పీకలదాకా మునిగున్నాడు. కాబట్టి పెట్టాల్సినవాడు అన్నయ్య. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

అన్నయ్య ఒక పెద్ద ఆఫీసులో సూపర్నెంటు. కిందివాళ్లు చాటుగా ఆయన్ని పొదుపుగారు అంటారు. పిసినారి అంటే పాపం తగులుతుంది. ఇంటికొచ్చినవాళ్లకి కడుపునిండా పెట్టి పంపే మనిషే. పెట్రోలు దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రాణం గిలగిల్లాడిపోతుంది. దిగుడు రోడ్డు కనిపిస్తే చాలు, ఇంజిను ఆపేసి కారుని దొర్లించుకుంటూ పోతాడు. "వాలు దేవుడిచ్చింది, పెట్రోలు మనం కొన్నది" అని పైగా సూక్తులొకటి.

ఆ రోజు షోరూముకి ముగ్గురూ వెళ్లారు. అన్నయ్య, బ్రేకు మేడం, వదిన. వదినది తపాలా ఆఫీసులో ఉద్యోగం. సెలవు పెట్టుకుని మరీ వచ్చి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని సోఫాలో ఓ మూల కూచుంది. "నువ్వేమంటావు?" అని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో అలా అడిగే అలవాటు లేదు లెండి.

బ్రేకు మేడం ముందే కార్లన్నీ వడపోసి పెట్టుకుంది. వేరే కంపెనీది ఒకటి భలే గట్టి బండి, కానీ దాని సర్వీసు సెంటరు పొరుగూళ్లో ఉంది, చిన్న సామాను కావాలన్నా వారాల తరబడి ఎదురుచూడాలి. నేర్చుకునేవాళ్ల కాళ్ల కింద క్లచ్చి ప్లేట్లు సబ్బుబిళ్లల్లా అరిగిపోతాయి. బండి షెడ్డులో పడుంటే క్లాసులు ఎవరు చెప్తారు? అందుకని దాన్ని లిస్టులోంచి కొట్టేసింది. చివరికి మిగిలినవి ఈ షోరూములోవే, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. రెండూ మొరాయించని బండ్లే, ఏ వీధి మెకానిక్కయినా బాగుచేస్తాడు. ఎర్రది లీటరుకి ఎక్కువ దూరం పోతుంది, క్రాష్ టెస్టులో మాత్రం దానికి వచ్చినవి రెండే స్టార్లు. నీలందానికి అయిదు. పక్కనుంచి గుద్దినా ముందున్న ఇద్దరికీ ఎయిర్ బ్యాగులు తెరుచుకుంటాయి.

"ఇంకేం ఆలోచన? ఎర్రది రాయించెయ్" అన్నాడు అన్నయ్య.

"నీలంది అన్నయ్యా."

"దాని మైలేజీ చూశావా? ఏనుగుని మేపినట్టే!"

"నేను రోజంతా తిప్పేది ఫస్టు గేరులో, సెకండు గేరులో. కంపెనీ చెప్పిన మైలేజీ ఎర్రదానికీ రాదు, నీలందానికీ రాదు. ఆ తేడా నేను చూసుకుంటాలే."

"స్టార్లూ గీర్లూ అంతా అమ్ముకోవడానికి చెప్పే కబుర్లే. ముందు ఎర్రది నడిపి చూద్దాం పద" అని తాళాలు లాక్కున్నాడు. అన్నయ్య స్టీరింగు దగ్గర, ఆవిడ పక్కన. వెనక సీట్లో వదినా, షోరూము సేల్సాయనా.

ఊరి చివర మిట్ట ఎక్కేదాకా బాగానే ఉంది. దిగుడు మొదలయ్యేసరికి, చెప్తే నమ్మరు, ఆయన చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయింది. ఇంజిను టప్పున ఆగిపోయింది. "అన్నయ్యా, వద్దు!" అని ఆవిడ అరుస్తూనే ఉంది. కింద మలుపులో ఒక లారీ గేట్లోంచి వెనక్కి వస్తోంది. ఇంజిను ఆగాక బ్రేకు ఒకటి రెండుసార్లు మాట వింటుంది, ఆ తర్వాత రాయిలా బిగుసుకుపోతుంది. అన్నయ్య తొక్కాడు, మళ్లీ తొక్కాడు, పళ్లు బిగించి తొక్కాడు. బండి పోతూనే ఉంది. ఆవిడ కుడికాలు శక్తికొద్దీ నేలని తన్నింది. అక్కడ కాళ్లకింద పరిచిన పట్టా తప్ప ఏముంది? అప్పుడు గుర్తొచ్చి హ్యాండు బ్రేకు గట్టిగా పైకి లాగింది. కారు కీచుమని అరిచి, లారీకి మూరెడు దూరంలో ఆగింది.

సేల్సాయన టై సర్దుకోవడం కూడా మర్చిపోయి "అమ్మో, అమ్మో" అంటున్నాడు.

"కొత్త బండి కదా, చెయ్యి తిరగలేదు" అన్నాడు అన్నయ్య చెమట తుడుచుకుంటూ.

తిరుగుదారిలో ఆవిడే నడిపింది. షోరూములోకి వచ్చి కూచోగానే ఆయన గొంతు మళ్లీ లేచింది. "చూడమ్మాయ్, సంతకం పెట్టేది నేను. ఎర్రదానికైతేనే పెడతాను."

"సరే. మీ అమ్మాయికి డ్రైవింగు నేర్పమన్నావుగా. ఈ రెంటిలో ఏ కారులో కూచోబెట్టమంటావు?"

"నీలందాన్లో! కుర్రపిల్ల, ఏదైనా అయితే?" అన్నాక గానీ తనేం అన్నాడో ఆయనకే తెలియలేదు.

"కూతురికి ఎయిర్ బ్యాగులు, చెల్లెలికి మైలేజీనా?" అంది ఆవిడ. గొంతు తగ్గించలేదు. పక్క బల్లవాళ్లు కూడా తలెత్తి చూశారు. "పొద్దుట్నుంచి సాయంత్రందాకా ఆ కారులో ఉండేది నేను అన్నయ్యా. నా ప్రాణం లీటరుకి ఎంత పోతుందో లెక్క వేశావా?"

అన్నయ్య మొహం కందగడ్డలా అయింది. "మాటకి మాట నేర్చావు! అయితే సంతకం ఎక్కడైనా వెతుక్కో!" అని పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.

"వెతుక్కుంటాను. దొరక్కపోతే కారే కొనను. ఎర్రదాంట్లో మాత్రం ఎవర్నీ ఎక్కించను, నేనూ ఎక్కను." పైకి అలా అందిగానీ లోపల గుండె జారిపోయింది, అబద్ధమెందుకు. పాత యజమాని నవ్వు కళ్లముందే కనపడింది. అయినా సరే, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

"ఏమండీ, నా సంతకం చెల్లుతుందా?"

ఎవరా అని అందరూ తిరిగి చూశారు. వదిన! అడుగుతున్నది సేల్సాయన్ని.

"పర్మనెంటు ఉద్యోగమేనా అమ్మా?"

"తపాలా ఆఫీసులో."

"భేషుగ్గా చెల్లుతుంది!"

అన్నాచెల్లెళ్లిద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. ఇన్నేళ్లుగా నెలనెలా జీతం తెచ్చే మనిషి ఎదురుగా కూచునుంటే, ఆమెకీ ఒక సంతకం ఉంటుందని ఈ ఇద్దరికీ తట్టనేలేదు. బ్రేకు మేడానికి సిగ్గేసింది.

"నిన్నెవరడిగారే?" అన్నాడు అన్నయ్య.

"ఎవరూ అడగలేదు. అందుకే చెప్తున్నాను." వదిన లేచి వచ్చి బల్ల దగ్గర కూచుంది. "పెళ్లయిన దగ్గర్నుంచీ మీ పక్క సీటు నాదే. దిగుడొస్తే కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకోవడమే నా పని. ఇవాళ తన కాలికింద బ్రేకు లేకపోయేసరికి మీ చెల్లెలు ఎలా గిలగిల్లాడిందో చూశాను. నాకు ఎప్పుడుందండీ బ్రేకు?"

వదిన నీలం కారు కాగితాల మీద, ఎక్కడెక్కడ చూపిస్తే అక్కడ, తొందరేమీ లేకుండా సంతకాలు పెట్టింది.

"నా మొదటి స్టూడెంటువి నువ్వే వదినా" అంది బ్రేకు మేడం. మాట పూర్తయ్యేలోగా కళ్లు నిండిపోయాయి.

"అయితే ఇప్పుడే నేర్పు" అని వదిన వెళ్లి షోరూములో నిలబెట్టిన నీలం కారు తలుపు తీసి, డ్రైవరు సీట్లో కూచుంది. స్టీరింగు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. బ్రేకు మేడం పక్కన చేరింది. అన్నయ్య పరుగున వచ్చి కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. "నీకు చేతకాదు, దిగు! క్లచ్చి అలా తొక్కకూడదు. అయినా దీని మైలేజీ ఎంతో తెలుసా..."

"సరే వదినా, ముందు ఏం నేర్పమంటావు? గేర్లా, క్లచ్చా?"

"అవన్నీ తర్వాత అమ్మాయ్" అంది వదిన. "ముందు ఈ కిటికీ అద్దం ఎలా ఎక్కించాలో చెప్పు."