ఎనభై ఏడో సినిమా

కొండయ్య ఇనుప చువ్వ ఒక కొన మోటారు బేరింగు మీద ఆనించి, రెండో కొన చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టాడు. మిల్లు హోరంతా వెనక్కి పోయి, ఒక్క బేరింగు చప్పుడే మిగిలింది. మంచి బేరింగు ఆదమరిచి నిద్రపోయే మనిషి ఊపిరిలా ఉంటుంది. అరిగినది ఇసుక నమిలినట్టుంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా భిలాయి ఉక్కు ప్లాంటులో యంత్రాలకు గ్రీజు పెట్టే గ్రీజరు పని. ఆయన "ఇది పోతాది" అన్న బేరింగు పోకుండా ఉన్నది లేదు. ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు.

ఇవాళ చువ్వ పెట్టిన ప్రతిచోటా ఆయనకు ఇంట్లో విన్న ఇసుకే వినిపిస్తోంది. నిన్న సాయంత్రం సినిమాల పెట్టె లోపల అదే చప్పుడు.

అరచేతిలో పట్టే నల్లటి హార్డ్ డిస్కు అది. రాయపూర్‌లో నర్సు పని చేసే కూతురు షీబా నూట పన్నెండు తెలుగు సినిమాలు అందులోకి ఎక్కించి, ముందు వైపు తీగ గుచ్చే బెజ్జం ఉన్న డీవీడీ ప్లేయరుతో సహా తెచ్చిపెట్టింది. భార్య లూసీ మంచం పట్టి నాలుగు నెలలు. క్యాన్సరు వెన్నెముకలోకి పాకింది, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు డాక్టర్లు. నొప్పి మాత్ర మూడు గంటలు పనిచేస్తుంది. ఐదు గంటలు దాటితేగాని ఇంకోటి వెయ్యకూడదు. ఆ మధ్య రెండు గంటలూ సినిమా నడిస్తే ఆమె పడుకుని చూస్తుంది. నడవకపోతే దిండు అంచు కొరుకుతుంది.

రెండింటికి షిఫ్టు దిగాడు. పొద్దున సైకిల్ స్టాండులో అప్పగించిన డిస్కు సంచి తీసుకుని సుపేలా బజారుకు వెళ్ళాడు. కంప్యూటర్లు బాగుచేసే రాజేంద్ర భిలాయిలోనే పుట్టిన తెలుగువాడు. డిస్కు తగిలించి, తల వంచి విన్నాడు.

"పోతుంది అంకుల్ ఇది. వేరేదాంట్లోకి కాపీ చెయ్యాలి. ఛోడ్ కే జాయియే, ఇక్కడ పెట్టి వెళ్ళి రేపు తీసుకోండి."

"రేపా? ఈ మజ్జాన్నం ఎలాగ మరి?"

"ఒక్కరోజు ఆంటీని టీవీ చూడమనండి."

"కేబులోడు తెలుగు తీసీసినాడు బాబూ. ఓ సుక్క నూనేస్తే?"

రాజేంద్ర నవ్వాడు. "సైకిలు కాదంకుల్ అది. సీల్డ్ పీస్. నూనె గీనె ఉండదు."

తిరిగేదానికి నూనె అక్కర్లేదంటే కొండయ్యకు తలకెక్కలేదు. "ఇయ్యాల్టికి నడిపించీసి రేపట్టుకొస్తాను" అని డిస్కు తువ్వాల్లో చుట్టుకున్నాడు.

ఇంట్లో పక్క క్వార్టరు కుముదిని మంచం దగ్గర కూర్చుని ఉంది. "పదకొండున్నరకి గోలీ ఇచ్చాను అన్నా. నాలుగున్నర దాకా ఇంక ఇవ్వొద్దు" అని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. గడియారం మూడు చూపిస్తోంది. లూసీ పై పెదవి మీద చెమట.

డిస్కు తీగకు రెండు తోకలు. ఒకటి ప్లేయరుకు గుచ్చి, రెండోది ఫోను ఛార్జరుకు పెట్టాడు. ప్లేయరు ఇచ్చే కరెంటు ఒక్కటే దానికి చాలదు. తెర మీద సినిమాల పేర్లు ఇంగ్లీషులో, సగం తెగి వచ్చాయి. లూసీకి ఇంగ్లీషు రాదు. ఆమెకు అన్నీ నంబర్లే.

"ఎనభై ఏడు" అంది. "జైలు కాడ ఆపినాం. అన్న ఇంటికొస్తన్నాడు. సెల్లి గురుతు పడతాదో లేదో."

నిన్న ఆపిన చోటు ప్లేయరుకు గుర్తుండదు. మొదటినుంచీ పరిగెత్తించాలి. మనుషులు ఎగురుతూ ఏడ్చారు, ఎగురుతూ పెళ్ళిళ్ళు చేసుకున్నారు. జైలు గేటు రాగానే బొమ్మ బిగుసుకుపోయింది. లోపల ఇసుక చప్పుడు.

"కరెంటేటి?" అంది కళ్ళు మూసుకుని.

"ఆఁ. కరెంటే."

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

కొండయ్య డిస్కు పట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. నక్షత్రం ఆకారం మరలు. ఒక స్క్రూడ్రైవరు మొన అరగదీసి ఒక్కొక్కటే విప్పాడు. లోపల అద్దంలాంటి బిళ్ళ. నడిమధ్య కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాడు. చుక్క జారి అద్దం మీదికి పాకింది. తువ్వాలు కొసతో తుడిచాడు. మరక ఇంకా పరుచుకుంది. మూత బిగించి తెచ్చి గుచ్చితే ఇసుక చప్పుడు లేదు. టిక్కు, టిక్కు. తరవాత అదీ లేదు. అప్పుడు తెలిసింది, తను చేసిందేమిటో.

తలుపులోంచి లూసీ అంతా చూస్తోంది.

"గ్రీజెట్టినావేటి మావా?"

"నూనె."

"ఆ సుక్కేదో నా మోకాళ్ళకేసుంటే ఈపాటికి లేచి వంట సేసీదాన్ని."

నవ్వబోయి ఆగిపోయింది. నొప్పి వచ్చింది. దిండు అంచు పళ్ళ మధ్యకు వెళ్ళింది. మాత్రకు ఇంకా గంట ఉంది. కొండయ్య మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆయన జీవితంలో సినిమా చివరిదాకా చూసింది లేదు. సగంలోనే నిద్ర.

"మిగతాది నాను సెప్తాను" అన్నాడు.

"నీకేటి తెలుసని?"

"జైల్నించి అన్న బయటికొచ్చినాడు. బస్సెక్కినాడు. పనికోసం వొకూరెళ్ళినాడు. అక్కడో మిల్లుంది..."

"ఆడికీ ప్లాంటులో ఉజ్జోగమిప్పిస్తావేటి?"

"కాంట్రాక్టు పనేలే. ముందు జాముల్ సిమెంటు పేక్టరీలో సేరినాడు. దుమ్ముకి దగ్గొచ్చి మానీసినాడు."

"అదీ అలాగను." దిండు వదిలేసింది. "తరవాత?"

కొండయ్య చెప్పాడు. అన్నకు అద్దెగది కుదిర్చాడు, వాడి చేతే వంట చేయించాడు, మేస్త్రీతో తగువు పెట్టించాడు. మేస్త్రీని బాగా తిట్టించాడు. "ఆ మాటలు సినిమాలోనివి కావు, నీయి" అంది లూసీ. నాలుగున్నర అయ్యింది.

"మాత్ర?"

"ఉండనీ. ముందు ఆ అన్న సంగతి తేల్సు."

అన్న చెల్లి ఇల్లు వెతుక్కుంటూ చరోదా రైల్వే క్వార్టర్లకు వచ్చాడు. తలుపు కొట్టాడు. చెల్లి తలుపు తీసింది. అక్కడ కొండయ్య ఆగాడు. తరవాతేమిటో ఆయనకు నిజంగా తెలియదు.

"గురుతు పడతాదంటావేటే?"

ఆమె కళ్ళు సగం తెరిచి, నల్లటి తెర వైపు ఉన్నాయి. దవడ వదులైంది. కొండయ్య ఇంకొకసారి, నెమ్మదిగా, అదే మాట అడిగాడు. లేచి వెళ్ళి కుముదిని తలుపు తట్టాడు.

పొద్దు వాలకముందే చర్చివాళ్ళు వచ్చారు. ఆమెను ఎత్తి బల్ల మీదికి మార్చాక, దుప్పటి మడతలో రిమోటు బయటపడింది. దుమ్ము పట్టకుండా ఆమే చుట్టిన ప్లాస్టిక్ కవరు, దాని మీద రబ్బరు బ్యాండు. బొటనవేలు ఆనే, సినిమాను ముందుకు పరిగెత్తించే ఒక్క మీట దగ్గర కవరు అరిగి, గుండ్రంగా చిల్లి పడి ఉంది.