పోటీ ఉపవాసం

ఆ కొండ ఊళ్ళో మెసాఫింత్ నోరు మూయించిన మనిషి లేడు. అలాంటివాడు డాక్టరు హీరుత్ ముందు నోరు తెరిచి, నాలుక బయటపెట్టి బుద్ధిగా కూర్చున్నాడు.

"నాలుక ఇంత ఎర్రగా ఎప్పట్నించి ఉంది బాబాయ్?"

"నాలుకతో నాకు గొడవ లేదు తల్లీ. పాదాలతోనే. చీమలు పాకుతున్నట్టుంటుంది. వంగి చూస్తే ఒక్కటీ ఉండదు."

పక్కనున్న భార్య అత్సెదె ఊరుకుంటుందా? "మొన్న ఆదివారం చర్చిలో తూలి పడబోయాడమ్మా. అది చెప్పడేం?"

అసలు బాధంతా అక్కడే ఉంది. క్రిస్మస్ దగ్గరపడింది. ఆ రాత్రంతా గాయకులు రెండు వరుసల్లో నిలబడి, చేతికర్రల మీద ఆనుకుని, డప్పుకు తగ్గట్టు ఊగుతూ కీర్తనలు పాడాలి. ముందు వరుసలో మొదటి చోటు మీసాలు రాని వయసు నుంచీ మెసాఫింత్‌దే. ఆదివారం ఆ తూలడం చూసి పెద్దగురువు అబ్బా గెలావ్ మొహమాటం లేకుండా చెప్పేశాడు: "కాళ్ళు నిలవకపోతే పండక్కి ముసలాళ్ళ పక్కన కూర్చుని చప్పట్లు కొట్టు." ఆ చోటు పోతే పోయింది, పోయేది ఎవరికి? ఎప్పుడూ రెండో చోటులో నిలబడే యిహునెకి! ఆ మాట తలుచుకుంటేనే మెసాఫింత్‌కు అన్నం సయించడం లేదు.

డాక్టరు అతన్ని లేచి కళ్ళు మూసుకోమంది. మూసుకున్నాడో లేదో, మనిషి పక్కకు ఒరిగాడు. అత్సెదె అతని శాలువా పట్టుకుని లాగింది.

"మాంసం, పాలు, గుడ్డు ఆఖరిసారి ఎప్పుడు తిన్నారు?"

ఈ ప్రశ్న కోసమే వచ్చినట్టు మెసాఫింత్ ఛాతీ విరిచాడు. "ఏడేళ్ళయింది."

"ఏడేళ్ళా! అవి మానేసే ఉపవాసాలు మేమూ ఉంటాం బాబాయ్. పండగొస్తే విడిచిపెడతాం కదా. ఈస్టర్ తర్వాత యాభై రోజులైతే అసలు ఉండనే కూడదు!"

"యిహునె ఉంటున్నాడుగా!"

అత్సెదె నెత్తి కొట్టుకుంది. "ఇదమ్మా అసలు రోగం. వాడు వెన్న మానేశాడని ఈయన మానేశాడు. ఈయన మానేశాడని వాడు గుడ్డు మానేశాడు. ఇళ్ళల్లో మేం ఏం వండాలో తెలీక చస్తున్నాం."

హీరుత్ నవ్వు ఆపుకుని అప్పుడే వచ్చిన రక్తపరీక్ష కాగితం చూపించింది. "ఇది బి12 లోపం. ఆ విటమిన్ ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. అది లేక నరాలు దెబ్బతింటున్నాయి. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి చాలావరకు తగ్గుతుంది. ఇంకా ఆలస్యం చేస్తే మాత్రం నేను మాటివ్వలేను."

"సూది వేయించుకుంటే ఉపవాసం చెడుతుందా?"

"సూది చేతికి, నోటికి కాదు. కానీ తిండి మారకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది."

మెసాఫింత్ చెయ్యి రుద్దుకుంటూ తలుపు తీశాడు. ఎదురుగా బల్ల మీద యిహునె! ఒక చెప్పు విడిచి అరికాలు నొక్కుకుంటున్నాడు. మెసాఫింత్‌ను చూసి తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

"నువ్వేంటి ఇక్కడ?"

"మా మేనకోడలికి జ్వరం."

"మేనకోడలేదీ?"

"ఇంటి దగ్గరుంది."

"జ్వరం ఆమెకైతే కాలు నీదెందుకు పిసుకుతున్నావ్?"

యిహునె చెప్పు తొడుక్కునేలోగా అత్సెదె అతన్ని డాక్టరు గదిలోకి తోసింది. అతని చేతికీ సూది పడ్డాక ఇద్దర్నీ వెంటబెట్టుకుని అబ్బా గెలావ్ ఇంటికి నడిచింది. ఇద్దరి పాపాలూ విని ప్రాయశ్చిత్తం చెప్పే ఆత్మతండ్రి ఆయనే.

అంతా విన్నాక ముసలాయన గడ్డం వణికింది. "రోగికి ఉపవాసం లేదని నేను చెప్పలేదూ? మీరున్నది దేవుడి కోసమట్రా? మీ పంతం కోసం! అత్సెదె, గుడ్లూ వెన్నా వేసి వండు. వీళ్ళు నా కళ్ళ ముందు తినాలి. అదీ ఎవడి చేత్తో వాడు కాదు, ఒకడి నోట్లో ఒకడు ముద్ద పెట్టాలి. తిననివాడు పండక్కి కూర్చుంటాడు."

పళ్ళెం వచ్చింది. ఇంజెరా అనే వెడల్పాటి పుల్లట్టు మీద కూర పొగలు కక్కుతోంది. ముద్ద ఎంత పెద్దదైతే ప్రేమ అంత పెద్దదంటారు కాబట్టి యిహునె కసిదీరా పిడికెడు ముద్ద చుట్టి ఎత్తి పట్టుకున్నాడు. మెసాఫింత్ పెదవులు బిగించాడు. ముందు నోరు తెరిచినవాడు ఓడినట్టే. ఏడేళ్ళుగా ఓడనివాడు ఇప్పుడు ఓడాలా? కోపంగా యిహునె మొహంలోకి చూశాడు. ఆ చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. ముద్ద పట్టుకునే ఒక పాదంతో రెండో పాదం రుద్దుకుంటున్నాడు. ఆ చీమలు ఎలా పాకుతాయో మెసాఫింత్‌కు తెలుసు. పాపం అనిపించింది. ఎవరి మీదో అతనికే తెలీలేదు.

నోరు తెరిచాడు.

వెన్న రుచి తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బుగ్గలు ఉబ్బి మాట రాకపోయినా, గబగబా అంతకంటే పెద్ద ముద్ద చుట్టి యిహునె నోటికి అందించాడు. యిహునె ఆవురావురుమంటూ అందుకున్నాడు. మింగీ మింగకుండానే అన్నాడు:

"నువ్వెప్పుడు తింటావా అని ఏడేళ్ళుగా చూస్తున్నానురా వెధవా! ఆకలితో చచ్చిపోతున్నా."