నీళ్ళ వెంట పరుగు

చంద్రరావు మేష్టారికి కొండల సంగతి బొత్తిగా తెలియదు. తెలియదని ఒప్పుకునే రకం కూడా కాదు. పాలకొల్లు దగ్గర ఒక హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా డ్రిల్లు మేష్టారాయన. పిల్లల్ని కాలవ గట్ల మీద పరిగెత్తించి పరిగెత్తించి జిల్లాకి కప్పులు తెచ్చిపెట్టిన ఘనులు. ఆ గట్ల మీద ఎత్తంటే వంతెన ఎక్కడం, పల్లమంటే వంతెన దిగడం. అంతకు మించి ఏముంటుంది పాపం, డెల్టాలో!

ఈసారి రాష్ట్ర సెలక్షన్లు కొండదారుల్లో పెడతామన్నారు. మేష్టారి అన్నగారి కూతురు హేమశ్రీ, ఇంటర్ రెండో సంవత్సరం, గట్టు మీదైతే మగపిల్లల్ని కూడా దాటేసి పోయే పిల్ల. ఎత్తు కనబడితే మాత్రం ఆయాసపడి కూలబడుతుంది. అందుకని మేష్టారు శ్రావణమాసంలో నాలుగు రోజులు సెలవు పెట్టి, పిల్లని వెంటబెట్టుకుని, అడ్డతీగల దాటాక కొండల్లో ఉన్న నేరేళ్ళగూడేనికి వచ్చారు. బయల్దేరేటప్పుడు వదినగారు శ్యామలాంబ గుమ్మంలో నిలబడి ఒకే మాట అంది.

"ఒక్కగానొక్క పిల్ల, చంద్రం. నీ చేతిలో పెడుతున్నాను."

"నా చేతిలో ఉన్నాక నీకు భయమేంటి వదినా?" అన్నారు మేష్టారు.

వచ్చిన సాయంత్రం హేమని విశ్రాంతి తీసుకోమని, తనొక్కరే సున్నం డబ్బా పట్టుకుని దారంతా నడిచొచ్చారు. ఎనిమిది కిలోమీటర్లు. ఎదర కొండెక్కి, అవతల రెండు చిన్న గూడేలు చుట్టి, మళ్ళీ నేరేళ్ళగూడెంలో టీ బడ్డీ దగ్గరికి. మలుపు మలుపుకీ బండ మీద సున్నంతో బాణం గుర్తు వేశారు. స్కూలు గ్రౌండులో ట్రాకు గీసినంత శుభ్రంగా వేశారు. ఆ రాత్రి వాన పడింది. సున్నం మాట ఆయనకి తట్టనే లేదు. గ్రౌండులో అయితే అటెండరు మళ్ళీ వేస్తాడు కదా!

తెల్లవారాక హేమ బూట్లు కట్టుకుంటుంటే మామూలుగా చెప్పే జాగ్రత్తలన్నీ చెప్పారు.

"గుర్తులు చూసుకుంటూ పో. ఒకవేళ దారి తప్పినా కంగారు పడకమ్మా. నీళ్ళు కనబడ్డాయా, వాటి వెంట కిందకి పోతూనే ఉండు. నీళ్ళ పక్కన ఊరు లేకుండా ఉండదు."

"అలాగే బాబాయ్," అంది హేమ.

ఆ పిల్లకి బాబాయ్ మాటంటే మాటే. పరుగు మధ్యలో ఆగకూడదన్నారని ఒకసారి మేకు దిగిన కాలితో ఆఖరి గీత దాకా వచ్చింది. మేష్టారు ఆ సంగతి ఊరంతా చెప్పుకుని మురిసిపోయేవారు.

పిల్ల కొండ మలుపు తిరిగింది. మేష్టారు స్టాప్‌వాచీ నొక్కి టీ బడ్డీ బల్ల మీద కూర్చున్నారు.

యాభై నిమిషాలకి రావాలి. యాభై అయింది. గంటయింది. ఎత్తు కదా, నడుస్తోందేమోలే అనుకున్నారు. గంటా పావయ్యేసరికి కూర్చోలేక లేచి నిలబడ్డారు. కొండ మీద మబ్బు కాటుక పులిమినట్టుంది. ఇక్కడ చినుకు లేదు గానీ పైన మాత్రం వాన దంచుతోంది. అప్పుడు తట్టింది ఆయనకి, రాత్రి వానకి సున్నం ఉంటుందా అని. బడ్డీ పక్కనున్న బండ దగ్గరికెళ్ళి చూశారు. తన చేత్తో వేసిన బాణం ఆనవాలు కూడా లేదు. అరచేత్తో బండంతా తడిమి చూశారు.

"ఏంటండీ మేష్టారూ, అలాగైపోయేరు?" అన్నాడు బడ్డీ యజమాని బుల్లియ్య. అక్కడే పుట్టి పెరిగి యాభై ఏళ్ళు నిండినవాడు.

"మా అమ్మాయి రాలేదు బుల్లియ్యా. దారి తప్పిందేమో. ఫరవాలేదులే, తప్పితే ఏం చెయ్యాలో చెప్పే పంపాను."

"ఏం చెప్పేరండీ?"

"నీళ్ళ వెంట కిందకి పొమ్మన్నాను."

బుల్లియ్య చేతిలో గ్లాసు దించేశాడు. "నీళ్ళెంట పొమ్మన్నారా?"

"ఏం? కాలవ వెంట పోతే ఊరు రాదా?"

"మీ కాలవ కాదండీ బాబూ ఇది! వాగండి. కొండలో పడి కొండలోనే పోద్ది. కిందకి పోయేకొద్దీ గట్టన్నదే ఉండదు, రెండేపులా రాయే. ఆ చివర లోయలోకి దూకేత్తది. పశువుల్ని కూడా అటు పోనియ్యం మేము." కొండ కేసి చూశాడు. "పైన ఆ వాన చూత్తున్నారా? ఆ నీళ్ళు దిగితే ఒక్క ఊపున దిగుతాయండి. రండి, రండి!"

మేష్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇద్దరూ ఎదర కొండ దారి పట్టారు. బుల్లియ్యకి కాలిబాట కొట్టిన పిండి. మేష్టారు రాయీ రప్పా పట్టుకుని పాకారు గానీ ఆగలేదు. వదిన గుమ్మంలో నిలబడ్డ తీరే కళ్ళ ముందుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? పిల్ల ఏదంటే ఏం చెప్పను? నేనే పంపానని చెప్పనా? దేవుడా, ఆ పిల్లకి ఈ ఒక్కసారి నా మాట గుర్తు లేకుండా చెయ్యి తండ్రీ. ఇరవై రెండేళ్ళలో ఏ పిల్లా తన మాట మరిచిపోవాలని ఆయన కోరుకున్న పాపాన పోలేదు.

కొండ మీదికి చేరేసరికి కింద వాగు కనబడింది. బండల మధ్య సన్నగా పారుతోంది. ఆ బండల మీద నుంచి బండల మీదికి నీలం బనీను ఒకటి కిందకి పోతోంది. హేమే! అలసిపోయింది, అడుగు తడబడుతోంది, అయినా పరుగు ఆపలేదు.

"హేమా! ఆగవే! హేమా!"

నీళ్ళ హోరులో ఆ కేక అక్కడిదాకా పోలేదు. మేష్టారు మెడలో ఉన్న విజిల్ తీసి శక్తికొద్దీ ఊదారు. అది వినబడింది. పిల్ల తలెత్తింది, బాబాయ్‌ని చూసింది, విన్నానన్నట్టు చెయ్యెత్తింది. ఎత్తి, వేగం పెంచింది.

మేష్టారు విజిల్ వదిలేశారు. విజిల్ ఊదితే ఇంకా గట్టిగా పరిగెత్తాలి. ఆ పిల్లకి పదో ఏట నుంచీ తను నేర్పింది అదే. రెండు చేతులూ అడ్డంగా ఊపారు. అప్పటికే పిల్ల తల తిప్పేసుకుంది.

"అదిగోనండీ, ఆ పెద్ద బండ దాటితే ఇక పైకి ఎక్కడానికి దారి లేదు," అన్నాడు బుల్లియ్య. పైనుంచి ఏదో మోత మొదలైంది. ఉరుము కాదు. ఉరుమైతే ఆగుతుంది కదా, ఇది ఆగడం లేదు.

మేష్టారు ఇక ఏమీ ఆలోచించలేదు. పిల్ల కేసి వాలు మీదికి ఉరికారు. నాలుగడుగులు పడ్డాయో లేదో కాలు జారింది. బోర్లా పడి, దొర్లి, ఒక పొద దగ్గర ఆగారు. చేతులు ఊని లేవబోయారు.

"లేవకండి!" బుల్లియ్య పెట్టిన గావుకేకకి ఆయన బిగుసుకుపోయారు. "మీరు పడ్డం చూసిందండీ పాప! ఆగింది! కదలకుండా అలాగే పడుండండి!"

మేష్టారు బురదలో మొహం పెట్టుకుని పడుకున్నారు. ఏమీ కనబడదు. తలెత్తితే పిల్ల మళ్ళీ పరుగెత్తుతుంది. ఆ మోత దగ్గరికి, ఇంకా దగ్గరికి వస్తోంది. చేతికందిన గడ్డిని పిడికిట్లో బిగించి పట్టుకున్నారు. అంత భయం ఆయన జన్మలో ఎరగరు.

"ఏం చేస్తోంది బుల్లియ్యా? చెప్పవయ్యా!"

"నిలబడిందండి. ఇటు చూత్తంది... మళ్ళీ అటు చూత్తంది..." బుల్లియ్య తలగుడ్డ విప్పి ఊపుతున్నాడు. "రా తల్లీ, రా, మీ బాబాయ్ పడిపోయేరు, రా..."

"వస్తోందా?"

బుల్లియ్య తలగుడ్డ ఇంకా జోరుగా ఊపాడు.

"వస్తోందా లేదా?"

"ఎక్కుతోందండి! ఎక్కుతోంది! రాళ్ళు పట్టుకుని ఎక్కేత్తంది!"

ఆ మాట పూర్తికాకుండానే కింద కొండ విరిగిపడ్డట్టయింది. మేష్టారు ఇక ఆగలేక తలెత్తారు. ఎర్రటి నీళ్ళు, మానులకి మానులు, వాగు నిండా దొర్లుకుంటూ పోతున్నాయి. పెద్ద బండ ఉన్నచోట బండ లేదు. ఆయన చూపు పిచ్చిగా నాలుగు వైపులా వెతికింది. నీలం బనీను కనబడలేదు.

"హేమా!"

పొద అవతల నుంచి ముందు రెండు చేతులు వచ్చాయి, గోళ్ళ నిండా మట్టితో. తరవాత తల వచ్చింది. పిల్ల రొప్పుతూ వచ్చి ఆయన పక్కన మోకాళ్ళ మీద కూలబడింది.

"బాబాయ్! ఏమయింది? దెబ్బ తగిలిందా? లేవగలరా?"

మేష్టారు ఆ పిల్ల తలని రెండు చేతులతో పట్టుకున్నారు. నెత్తురు కారుతున్న మోకాళ్ళు చూశారు, చిరిగిన బూటు చూశారు. పిల్ల కింద నీళ్ళ కేసి చూడనైనా లేదు. దాని బెంగంతా బాబాయ్ మీదే.

"సున్నం గుర్తులు కనబడలేదు బాబాయ్. అయినా నేనేం భయపడలేదు. మీరు చెప్పినట్టే నీళ్ళ వెంటే వచ్చేశాను," అంది రొప్పుతూనే. తప్పు చేసినట్టు తల దించుకుంది. "మిమ్మల్ని చూసి మధ్యలో ఆగిపోయాను గానీ, లేకపోతే పూర్తి చేసేదాన్నే. ఊరు ఇంకా ఎంత దూరం ఉంది బాబాయ్?"

బుల్లియ్య మొహం తిప్పుకున్నాడు.

"అటు ఊరు లేదే తల్లీ," అన్నారు మేష్టారు. "నాకు తెలీక చెప్పాను. అటు ఊరే లేదు."