రామాయమ్మ నోరెత్తని ఆదివారం

మా తోడికోడలు రామాయమ్మక్క గొంతు గురించి తెలియని వాళ్ళకు ముందే చెప్పాలి. లేకపోతే ఈ కథలో సగం నేను కల్పించానంటారు. జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు ఊళ్ళో అందరూ చేలో మంచె వేసుకుని, డబ్బా వాయించో వడిసెలతో రాళ్ళు విసిరో పిట్టల్ని తోలుకుంటారు. మా అక్క డబ్బా ముట్టుకోదు, వడిసెల పట్టదు. మంచె ఎక్కి, చెంగు నడుముకు దోపుకుని, ‘ఓహోయ్’ అని ఒక్క కేక వేస్తుంది. అంతే. మా చేలోనే కాదు, ఇటు పక్కా అటు పక్కా చేలల్లో కూడా పిట్టన్నది మిగలదు. ఒకసారి పిడుగురాళ్ళ నుంచి సున్నం వేసుకొస్తున్న లారీ ఆ కేకకు రోడ్డు మీదే ఆగిపోయింది. డ్రైవరు పాపం చక్రాల కింద ఎవరో పడ్డారనుకుని, దిగి వంగి వంగి వెతుక్కున్నాడు.

పక్క చేను నాగేశ్వరరావు ఈ గొంతును నమ్ముకునే మంచె వేయడం మానేశాడు. ఏళ్ళ తరబడి కావలి ఉచితం. ఒక్కనాడైనా ఓ బెల్లం ముక్క తెచ్చి ఇచ్చిన పాపాన పోలేదు. అది నాకు ఇప్పటికీ మంటే.

ఇంత గొంతున్న మనిషికి దేవుడు మా బావ బ్రహ్మయ్యను జత చేశాడు. బావ మాట్లాడితే ఎదుటివాళ్ళు చెవి తీసుకెళ్ళి ఆయన నోటి దగ్గర పెట్టాలి. పెళ్ళిలో మంత్రాలు ఈయన అన్నాడో లేదో పురోహితుడికే అనుమానంగా ఉండిందని మా అత్తగారు చెప్పేది. ఆ ఇంట్లో వాటాలు అలా పడ్డాయి, గొంతంతా ఒకరికి, ఓపికంతా ఒకరికి.

వాళ్ళ అమ్మాయిని నరసరావుపేటలో ఇచ్చారు. ఆ అమ్మాయి కూతురు కోటేశ్వరి. కోటప్పకొండ మొక్కు మీద పుట్టింది కనక ఆ పేరు, ఇంట్లో కోటి అంటాం. అప్పటికి ఏడేళ్ళది. నోట్లో నాలుక లేని పిల్ల. అచ్చం తాత పోలికేనని అందరం తేల్చేశాం. ఏడాది కూడా నిండకముందు ఆ పిల్లను ఒకరోజు చేలో మంచె కింద ఉయ్యాల కట్టి పడుకోబెట్టారు. పైన అమ్మమ్మ ఉందని అందరికీ తెలుసు, అమ్మమ్మకు నోరుందని మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. చిలకలు వాలాయి, అక్క కేక వేసింది, ఉయ్యాల్లో పిల్ల ఉలిక్కిపడి లేచి పొద్దుగూకే దాకా ఏడ్చింది. అప్పటి నుంచి అమ్మమ్మ నోరు తెరిస్తే చాలు, కోటి రెండు చెవులూ మూసుకుని ఎవరో ఒకరి వెనక దాక్కునేది. సెలవులకు వస్తే మకాం మా ఇంట్లోనే. అక్క సున్నుండలు చేసి నాచేత పంపించేది. పంపించి ఊరుకోవచ్చు కదా, ఊరుకోదు. వాళ్ళ అరుగు మీద నిలబడి, పిల్ల తిన్నదా అని అడిగేది. ఆ అడగడానికి పిల్ల చేతిలో సున్నుండ జారి కింద పడేది.

నవ్వుకునే సంగతే, నేనూ నవ్వాను. కానీ ఒకనాడు అక్క మా వంటింటి గడప మీద కూర్చుని, “పిట్టల్ని తోలితే పోతాయి, సరే. నా మనవరాలిని నేనెప్పుడు తోలానే సరస్వతీ, అది కూడా పోతంది” అంది. మెల్లగా అనాలనే అన్నది, నాలుగిళ్ళ అవతల వినబడింది. ఆ తర్వాత నేను నవ్వడం మానేశాను.

సర్పంచి గారింటికి టీవీ వచ్చిన ఏడాది, ఎనభై ఆరులో, కార్తీకమాసం వచ్చింది. బావ కూతుర్ని చూడటానికి పేట వెళ్ళాడు. అక్కడ కోటి చదివే బళ్ళో అబ్దుల్ మజీద్ గారని సైన్సు మాస్టారు ఉన్నారు. ఆదివారం వస్తే ఆయన ఇంట్లో ఉండరు. టౌను పిల్లల్ని వెంటబెట్టుకుని గుట్టలూ చెరువు గట్లూ తిప్పి, చెట్లూ పురుగులూ పిట్టలూ చూపిస్తుంటారు. పిల్లలకు చిలకంటే జోస్యం చెప్పేదనీ, పంజరంలోనే పుడుతుందనీ అనుకుంటున్నారని ఆయన బాధ. బళ్ళో మనవరాలిని చూడబోయిన బావ ఆయన పక్కన కూర్చుని, రైతన్నవాడు ఎవరు దొరికినా చెప్పుకునే గోడే చెప్పుకున్నాడు. మా చేలో ఉన్నన్ని పిట్టలు ఈ జిల్లాలో ఇంకెక్కడా ఉండవు, ఈసారి చిలకలైతే దండు కట్టి వస్తున్నాయి, గింజ మిగిలేట్టు లేదు అని. మజీద్ మాస్టారు ఆ మొర విని వరం దొరికినట్టు పొంగిపోయారు. వచ్చే ఆదివారమే పిల్లల్ని తీసుకొస్తానన్నారు. కాదనాలంటే కాస్త గట్టిగా అనాలి, అది మా బావ వల్ల అయ్యే పని కాదు. తలూపి వచ్చేశాడు.

సంగతి విని అక్క ఇల్లు ఎగరగొట్టింది. పాలకంకి మీద చేను పెట్టుకుని పిట్టలకు పెళ్ళిచూపులు ఏర్పాటు చేస్తారా అని ఆవిడ అంటుంటే, వీధిలో పోయేవాళ్ళు ఎవరి పెళ్ళిచూపులో అనుకుని లోపలికి వచ్చారు. బావ అన్నీ విని, ఆఖర్న ఒక్క మాట చెప్పాడు. కోటి కూడా వస్తోందట. మా అమ్మమ్మ చేలో వెయ్యి చిలకలున్నాయని క్లాసులో అందరితో చెప్పిందట. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నలుగురిలో చెప్పిన గొప్ప అదొక్కటే.

అక్క చప్పున చల్లబడింది. చెంగుతో ముఖం తుడుచుకుని, ఆ ఆదివారం తను నోరెత్తనంది. పిల్ల చేలో ఉన్నంతసేపూ ఒక్క మాట బయటికి రాదంది. మేమందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. కృష్ణ వెనక్కి పారుతుందంటే నమ్మే వాళ్ళం కానీ, ఇదెట్లా నమ్ముతాం?

కానీ మనిషి పట్టుబట్టింది. శుక్రవారం నుంచే అభ్యాసం మొదలుపెట్టింది, దాంతో ఊరు తలకిందులైంది. అక్క అదిలింపు వినబడక వాళ్ళ గేదె పాలు చేపలేదు. తెల్లారుజామున ఆమె కేకకు లేచే నాగేశ్వరరావు నిద్రపోయి గురజాల బస్సు అందుకోలేకపోయాడు. బస్సు పోయాక చేను గుర్తొచ్చి, చొక్కా కూడా లేకుండా అక్క వాళ్ళింటికి పరిగెత్తుకొచ్చాడు.

“నువ్వు అరవకపోతే మా చేను గతేంది వదినా?” అన్నాడు, ఏదో మేము జీతం తీసుకుని పని ఎగ్గొట్టినట్టు.

అక్క నోటి మీద వేలు పెట్టి చూపించింది. అక్క బదులు నేను మాట్లాడాను. వడిసెల కొనుక్కోమని చెప్పి, ఇంకా చానా చెప్పాను. ఇన్నేళ్ళ బెల్లం సంగతి కూడా ఆ ఊపులో తేలిపోయింది.

శనివారం సాయంత్రం బావ చేలో దిష్టిబొమ్మను పీకేశాడు. చూడవచ్చే పిల్లల ముందు పిట్టల్ని అవమానించకూడదట. పాత చొక్కా, తలపాగాతో సహా దాన్ని తెచ్చి అరుగు మీద గోడకు ఆనించాడు. తెల్లారి మసక వెలుతురులో నేను పాలచెంబుతో వెళ్ళి, పిల్లలు వచ్చే వేళ ఇట్లా నిలబడితే ఎట్లా బావా, పోయి స్నానం చెయ్యి అని దానికి చాలాసేపు చెప్పాను. బదులు రాలేదు. బావేననుకుని వచ్చేశాను.

పేట బస్సు దిగి పిల్లలు బిలబిలమని వచ్చారు, వెనక మజీద్ మాస్టారు, మెడలో బైనాక్యులర్. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చొక్కాతో ఉన్నారు. ఆయనా గుసగుసగానే మాట్లాడతారు, పిట్టలతో తిరిగి తిరిగి అలవాటైందట. ఆయనా బావా పలకరించుకుంటుంటే దూరం నుంచి ఇద్దరూ ఊరికే పెదవులు కదిలిస్తున్నట్టే ఉంది.

కార్తీకంలో చేలోకి ఇంతమంది వస్తున్నారంటే అది వనభోజనమేనని ఊరంతా నమ్మింది. ఆడవాళ్ళం పులిహోర గంగాళం మోసుకుని వెళ్ళాం. తినడం తర్వాత, ముందు చూడటం అని మాస్టారు మర్యాదగా చెప్పారు. చేలోకి వచ్చి తినకుండా చూడటమేందని మావాళ్ళు గొణుక్కున్నా, గట్టు మీద ఒద్దికగా కూర్చున్నారు. పిల్లల్ని చేను అంచున వరసగా కూర్చోబెట్టి, ఎవరూ ఊపిరి కూడా గట్టిగా పీల్చకూడదని మాస్టారు చెప్పారు. అక్క అప్పటికే మంచె మీద ఉంది. చెంగు ఉండ చేసి నోట్లో కుక్కుకుంది. కోటి తలెత్తి ఓసారి అమ్మమ్మను చూసింది, చెవులు మూసుకోకుండా. అదే చాలన్నట్టు అక్క కళ్ళు మెరిశాయి.

కూర్చున్నాం. ఎండెక్కింది. ఒక్క పిట్టా కనబడలేదు.

కనబడవు మరి. తోలేవాళ్ళు లేరని తెల్లారకముందే వచ్చి చేనంతా నిండిపోయాయి. పచ్చటి ఆకుల్లో పచ్చటి చిలకలు, తలలు కంకుల్లో పెట్టి, పని మీద ఉన్నాయి. నోరు నిండా తిండి ఉంటే ఎవరు అరుస్తారు? పైనుంచి అక్కకు కంకులు కదలడం కనబడుతోంది. మాకు కొరుకుడు చప్పుడు వినబడుతోంది. టౌను పిల్లలకు అది గాలే, మాస్టారు చూపంతా బైనాక్యులర్‌తో సహా ఆకాశంలో ఉంది. అక్క రెండు చేతులతో చేను వైపు చూపించింది. మాస్టారు అది పలకరింపనుకుని మర్యాదగా చెయ్యి ఊపారు. పిల్లలందరూ ఊపారు. అక్క ఇంకా గట్టిగా చూపించింది, వాళ్ళు ఇంకా గట్టిగా ఊపారు. నేను లేచి చెప్పబోతే మాస్టారు పెదవి మీద వేలు పెట్టి నన్ను కూర్చోబెట్టేశారు. నన్ను అట్లా కూర్చోబెట్టిన మనిషి ఇంతవరకూ లేడు.

చివరికి ఆయనే నిట్టూర్చి, ఈ రోజు పిట్టలు వేరే వైపు పోయినట్టున్నాయి, మనం లేచి కొండ వైపు వెళదామన్నారు. పిల్లలు బట్టలు దులుపుకుంటూ లేచారు. వాళ్ళలో ఒక జడల పిల్ల కోటి వైపు తిరిగి, “వెయ్యి అన్నావు, ఒక్కటి కూడా లేదు. అబద్ధాలకోరు” అంది. మిగతావాళ్ళు నవ్వారు.  కోటి తల దించుకుని పాదాల వైపు చూస్తూ నిలబడింది. కన్నీళ్ళు ముక్కు చివర నుంచి మట్టిలో పడుతున్నాయి.

నేను మంచె వైపు చూశాను. అక్క ముఖం చూడలేకపోయాను. అరిస్తే పిల్ల జన్మలో ఇంక దగ్గరికి రాదు. అరవకపోతే నలుగురిలో అబద్ధాలకోరై ఇంటికి పోతుంది. చేనంటారా, ఆ క్షణం ఆమెకు చేను గుర్తు కూడా లేదు. ప్రమాణం చేసి చెప్పగలను.

అక్క నోట్లోంచి చెంగు పీకేసింది.

“ఓహోయ్.”

నేను చాలా కేకలు విన్నాను, అలాంటిది ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. చేను లేచిపోయింది. అలాగే అనిపించింది, జొన్నంతా వేళ్ళతో సహా పైకి లేచినట్టు. చిలకలు, గోరింకలు, పిచ్చుకలు, మబ్బు కమ్మినట్టు ఎగిరి మా నెత్తిన ఒక చుట్టు తిరిగాయి. కింద నీడ కదిలింది. గట్టు మీద ఎవరో పులిహోర గంగాళంలో కాలు పెట్టారు. జడల పిల్ల నోరు తెరిచి మూయలేదు. మజీద్ మాస్టారు బైనాక్యులర్ మాటే మర్చిపోయి, చేతులు చాచి, చూడండి చూడండి అని గొంతు చించుకుని అరిచారు. అంత గొంతు తనకుందని ఆయనకే తెలియదనుకుంటాను.

అక్క మాత్రం పిట్టల్ని చూడలేదు. చెంగు మళ్ళీ నోట్లో పెట్టుకుని, కోటికి వీపు చేసి, మంచె మీద కూలబడింది. కోటి రెండు చేతులూ చెవుల మీదే ఉన్నాయి. పైకి చూస్తోంది. చూస్తూ చూస్తూ ఒక చెయ్యి దించింది, తర్వాత రెండోది. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి మంచె నిచ్చెన ఎక్కింది. అమ్మమ్మ చీర పట్టుకుని లాగింది.

“అమ్మమ్మా, ఇంకోసారి.”

అక్క నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మా రామాయమ్మక్కకు గొంతు పెగలకపోవడం నేను అప్పుడే చూశాను. పిల్లను ఒళ్ళోకి లాక్కుని ఏడుస్తోంది, అదీ చప్పుడు లేకుండా. మళ్ళీ ఒకసారి నోరు తెరిచింది, మళ్ళీ రాలేదు. చిలకలు అప్పటికి నాగేశ్వరరావు చేలో వాలి హాయిగా మొదలుపెట్టాయి. కోటి అమ్మమ్మ ముఖం చూసింది, ఆ చేను వైపు చూసింది. ఒళ్ళోంచి లేచి, గౌను అంచు నడుముకు దోపుకుంది.

“ఓహోయ్.”

నాగేశ్వరరావు చేను కూడా లేచింది. దాని అవతల చేనూ లేచింది. రోడ్డు మీద ఒక లారీ ఆగిన చప్పుడు వినబడింది.

తాత పోలిక అన్న మాట అక్కడికక్కడే అందరం వెనక్కి తీసుకున్నాం. మా బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు. మంచె మీద ఇద్దరినీ చాలాసేపు చూసి ఏదో అన్నాడు. నాకు వినబడక చెవి దగ్గర పెట్టి మళ్ళీ చెప్పమన్నాను.

“ఆ బొమ్మను నేనే పీకానుగా,” అన్నాడు బావ, “దాని చోట పోయి నిలబడతాను. ఈ ఇద్దరి మధ్యా నాకు ఇంక వేరే పని ఉండదు.”

అంటూనే రెండు చెవులూ మూసుకున్నాడు, కోటి మళ్ళీ ఊపిరి తీసుకుంటోంది.