గోడ పక్కన మునీర్

హదస్సాకు అప్పగించిన పిల్లవాడి పేరు మునీర్. నాలుగేళ్లు నిండినవాడు. బన్సీలాల్‌పేట్‌లోని ఓ చిన్న ప్లేస్కూల్లో వాడు ఎలా పరిగెత్తుతున్నాడో, ఎలా ఎక్కి దిగుతున్నాడో, తోటిపిల్లలతో ఎలా మెలుగుతున్నాడో చూసి రాయాలి. నర్సరీ టీచర్ ట్రైనింగ్‌లో అది ఆమె ప్రాజెక్టు. అల్వాల్ నుంచి బస్సులో వస్తూ, కాలేజీలో స్వర్ణలత మేడం చెప్పిన మాటలు రోజూ గుర్తుచేసుకునేది. "పిల్లవాడి జోలికి పోవద్దు. పిలవొద్దు, నవ్వొద్దు. నువ్వక్కడ ఉన్నట్టే వాడికి తెలియకూడదు."

హదస్సా ఆ మాట జవదాటలేదు. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది.

మొదట్లో అంతా సాఫీగానే సాగింది. మునీర్ జారుడుబండ మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కేశాడు. బంతి చేతికి చిక్కకపోయినా దాని వెంటపడడం మానలేదు. గ్లోరియా అనే పాప బకెట్ లాక్కుంటే బావురుమని ఏడ్చి, కాసేపటికి తనే వెళ్లి ఆమె పక్కన కూర్చుని ఇసుక నింపాడు. ప్రాజెక్టు ఇట్టే అయిపోతుందనుకుంది హదస్సా.

రెండోవారంలో ఏమైందో ఏమో, వాడు ఆటలు మానేశాడు. పిల్లలంతా రైలాట ఆడుతుంటే ఎదుటి గోడ దగ్గర కూర్చుని చూస్తూ ఉండిపోయేవాడు. గ్లోరియా చొక్కా పట్టి లాగినా లేచేవాడు కాదు. దగ్గు లేదు, జలుబు లేదు. టిఫిన్ డబ్బా ఖాళీ చేస్తూనే ఉన్నాడు. మరేమిటి? పిల్లల ఎదుగుదల మీద కాలేజీలో ఇచ్చిన పుస్తకం తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఏదో ఒక భయం కనిపించింది.

ఉండబట్టలేక స్కూలు నడిపే శ్యామలమ్మను అడిగింది. "మునీర్‌కు ఏమైంది ఆంటీ?"

"గదే నాకు సుత సమజైతలేదు బిడ్డా. మొన్నటిదాంక వీన్ని పట్టుడే కష్టముండె. ఇప్పుడు ముసలోని లెక్క కూసుంటుండు."

ఆ మధ్యాహ్నమే మునీర్ తల్లి హనీఫా గేటు దగ్గర హదస్సాను ఆపింది. వాళ్లకు రెజిమెంటల్ బజార్‌లో గాజుల దుకాణం.

"మావోన్ని చూడనీకె వచ్చేది మీరేనా మేడం? వానికి ఏం నేర్పుతున్నరు?"

"నేనేం నేర్పుతలేనక్కా. ఊకె చూస్తనంతే."

"ఇంట్ల సుత గిట్లనే చేస్తుండు. ఫ్రిజ్ పక్కకు కూసుంటడు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటడు, మమ్మల్నే చూస్తడు. వాళ్లబ్బా అన్నం తింటుంటే చూస్తడు, నేను తల దువ్వుకుంటుంటే చూస్తడు. ఏందిరా అంటే, ష్, పనిల ఉన్న అంటడు. మేమంత పరేషాన్ అయితున్నం."

రేపు సరిగ్గా చూస్తానని చెప్పి హదస్సా బస్సెక్కింది.

మర్నాడు గోడ దగ్గర కూర్చుని ఎదురుగా చూసింది. వాడి మోకాళ్లు ముడిచి ఉన్నాయి. గడ్డం కింద చెయ్యి ఉంది. ఆమె చెయ్యి మార్చింది. కాసేపాగి వాడూ మార్చాడు. ఆమె చెయ్యి దించేసింది. వాడూ దించాడు. ఇన్నాళ్లూ తను చూస్తున్నది వాణ్నా, తననా?

బయటికి వెళ్లి మేడంకు ఫోన్ చేసింది. "కదలకు. విసుగొస్తే వాడే మానేస్తాడు" అంది మేడం. మానకపోతే ఏం చేయాలో చెప్పలేదు.

లోపల శ్యామలమ్మ సుద్దతో గీత గీసి పిల్లలచేత ఒంటికాలి గెంతులు వేయిస్తోంది. మునీర్ గోడను వదల్లేదు. చేస్తున్నది తప్పో ఒప్పో తెలియకుండానే హదస్సా చున్నీ నడుముకు బిగించి గీత మీదికి వెళ్లింది. గెంతబోయి తూలి, దబ్బున కూలబడింది. పిల్లలు పగలబడి నవ్వారు. మునీర్ లేచాడు. గీత దగ్గరికొచ్చి, కాలెత్తి, చక్కగా గెంతుకుంటూ పోయి, సగం దూరంలో కావాలనే దబ్బున కూలబడ్డాడు. వెనకే గ్లోరియా, ఆ వెనక మిగతావాళ్లూ పడ్డారు. కాసేపటికి నేలంతా పిల్లలే.

సాయంత్రం రాయడానికి కూర్చుంటే పెన్ను కదల్లేదు. ఒంటికాలి మీద వాడు ఎంతదూరం గెంతగలడు? ఆమె పడిందని పడ్డాడు గానీ, లేకపోతే గీత దాటేవాడేమో. వాడు కలిసింది పిల్లలతోనా, తనతోనా? కొట్టేసి కొట్టేసి, చివరకు జరిగింది జరిగినట్టే రాసి మేడంకు ఇచ్చింది.

మేడం అంతా చదివి, మళ్లీ మొదటి పేజీ తిప్పింది. "ఇందులో వాడెంత, నువ్వెంత?" అంది.

"నాకే తెలియడం లేదు మేడం."

"నాకూ తెలియడం లేదు. ఇంకో వారం వెళ్లిరా."

సోమవారం హదస్సా వెళ్లేసరికి మునీర్ జారుడుబండ మీద బోర్లా పడుకుని, తల ముందుకు పెట్టి జారుతున్నాడు. కింద గ్లోరియా కేకలేస్తోంది. వాడు హదస్సా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. హమ్మయ్య అనుకుంది హదస్సా. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు. కూర్చోవాలో, నిలబడాలో తేల్చుకోలేక గుమ్మం దగ్గరే ఆగిపోయింది.