రెక్కలు కుట్టిన మనిషి

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మా ఊరి చివర పైలట్లకు శిక్షణ ఇచ్చే విమానాల మైదానం ఉండేది. ఇప్పుడా రన్‌వే మీద జనం కారు నడపడం నేర్చుకుంటున్నారు. దాని చరిత్ర గేటు దగ్గర బోర్డుకి రాసివ్వమని మునిసిపాలిటీ వాళ్లు నన్ను అడిగారు. రిటైరైన చరిత్ర మాస్టారిని, పైగా మా తాత అక్కడ మెకానిక్కు. పొంగిపోయాను.

ఆ చరిత్రలో ఒక మచ్చ ఊరందరికీ తెలుసు. అప్పటి విమానాల రెక్కలకు గుడ్డ తొడిగేవారు. ఆ గుడ్డ కుట్టే ఆవిడ అశ్రద్ధ వల్ల గాల్లో రెక్క చిరిగి, శిక్షణలో ఉన్న పైలట్ చనిపోయాడని చెప్పుకునేవారు. ఆవిడను పనిలోంచి తీసేశారు. ఆవిడ కూతురు నా క్లాసులోనే చదివింది. "రెక్క చింపినామె కూతురా, నా చొక్కా ముట్టుకోకు" అని ఏడిపించిన వాళ్లలో నేనే ముందుండేవాణ్ణి. తాత వినేవాడు. ఏమీ అనేవాడు కాదు.

రికార్డు గదిలో విచారణ నివేదిక దొరికింది. గుడ్డ చిరిగింది విమానం నేలకు కొట్టుకున్నాకేనట. కూలడానికి కారణం తోకను కదిపే తీగను పట్టి ఉంచే పిన్ను లేకపోవడం. ఎగిరేముందు దాన్ని చూడాల్సిన మనిషి తాత. చూడకుండానే చూశానని సంతకం పెట్టాడు. నివేదిక చదివానని కింద పెట్టిన సంతకమూ ఆయనదే. యుద్ధం ముగిసింది, ఫైలు మూసేశారు. ఆవిడకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేనేం తక్కువ తిన్నాను? "సాంకేతిక లోపం వల్ల" అని రాసి పంపేశాను. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగోరోజు ఆ కూతురి టైలరింగ్ షాపుకు వెళ్లాను. కాజాలు కుడుతోంది.

"ఏం మాస్టారూ, ప్యాంటు పొడుగైందా?"

నివేదిక నకలు చేతికిచ్చాను. కళ్లజోడు సర్దుకుని, వేలు పెట్టి వరసన చదివింది.

"ఏ కుట్టు వదిలేశానే అని పోయేదాకా అడిగేది మా అమ్మ," అంది. "మీ తాతగారు బట్టలు మా దగ్గరే కుట్టించుకునేవారు. బేరమాడేవారు కాదు. మంచాయన అనుకునేది."

"క్షమించమ్మా. చిన్నప్పుడు నేను కూడా..."

"గుర్తుంది. నా చెవిలో చెప్పిపోతే ఎలా? మా అమ్మను ఊరంతా అంది. ఊరంతా చదివేలా రాయండి."

రాతను వెనక్కి తెప్పించి తాత పేరు, చేసిన పని, ఆవిడ పేరు రాశాను. "పోయినవాళ్ల పరువు తీసి నువ్వు బావుకునేదేంటన్నయ్యా?" అన్నాడు తమ్ముడు. తర్వాత మాటలు మానేశాడు.

బోర్డు పెట్టిన రోజు ఆమె వచ్చింది. తల్లి పేరు పైకి రెండుసార్లు చదువుకుంది. నేను నమస్కారం పెట్టాను. తిరిగి పెట్టకుండానే వెళ్లిపోయింది. తల దించుకుని నిలబడ్డాను. అందుకు ఆమెను తప్పుపట్టలేను.